తెగిన బోల్టుకు అంటించిన తల

అక్షరమిచ్చిన శారదకు, ఆ అక్షరంతో కడుపు నిండని నాడు చేతికి స్పానరు అందించిన విశ్వకర్మకు వరుసగా నమస్కరించి, శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, కార్తీక శుద్ధ దశమి నాడు, మచిలీపట్నంలోని నా ఇంటి వసారాలో కూర్చుండి, మోటారు మెకానిక్ విద్యలో కొత్తగా ప్రవేశించేవారి నిమిత్తం దీనిని వ్రాయనారంభిస్తున్నాను.

ఎందుకు వ్రాస్తున్నాను

గుడివాడలో ఒక వృత్తి శిక్షణ విద్యాలయం ఉన్నది. దాని ప్రిన్సిపాల్ శ్యామలగారు గత మాసంలో మా ఇంటికి వచ్చి రెండు కోరికలు కోరారు. నలభై ఏళ్ళు ఇంజన్లతో కాలం గడిపిన మనిషిగా విద్యార్థులకు నాలుగు మాటలు వ్రాసి ఇమ్మన్నది మొదటిది. రెండవది అంత తేలికైనది కాదు.

వారి ఇంజను విభాగంలో బోధకుని ఉద్యోగం ఖాళీ అయినది. దరఖాస్తు పెట్టినవారిలో నాగబాబు అనే మెకానిక్ ఒకడు. పని చేసి చూపించే పరీక్షలో అతడే అందరికంటె ముందున్నాడు. ఉద్యోగం అతనికి ఇవ్వబోతుండగా విద్యాలయం కమిటీలోని ఒక పెద్దమనిషి అడ్డు తగిలారు. ఆయన పేరు రాఘవరావుగారు. పూర్వం మచిలీపట్నంలో కార్ల షెడ్డు నడిపారు. నాగబాబు పన్నెండేళ్ళ క్రితం తన షెడ్డులో ఒక కారు ఇంజనులో బోల్టు విరగ్గొట్టాడనీ, తెగిన తలను లప్పంతో తిరిగి అంటించి ఏమీ జరగనట్లు బండిని పంపివేశాడనీ, దానివల్ల ఆ ఇంజను సర్వనాశనమైందనీ, అటువంటివాణ్ణి విద్యార్థుల ముందు నిలబెట్టడం అధర్మమనీ ఆయన వాదన. ఆ షెడ్డులో అప్పుడు ఫోర్‌మన్‌ను నేనే.

“మీరు అక్కడే ఉన్నారటగా మేష్టారూ. అది నిజమేనా అండీ?” అని అడిగారు శ్యామలగారు.

“ఆలోచించి చెబుతానమ్మా” అన్నాను.

“ఇందులో ఆలోచించేదేముందండీ? చూసుంటే చూశానని చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి. కార్తీకం వెళ్ళేలోపు మేం ఏదో ఒకటి తేల్చాలి.”

ఆమె కాఫీ త్రాగి వెళ్ళిపోయారు. నాగబాబుకు ఆ ఉద్యోగం వస్తుందా రాదా అన్నది నా మాట మీద నిలిచింది. జరిగినదంతా ఇందులో వ్రాస్తాను. అయితే పని ఎట్టిదో ముందు తెలియాలి. పని తెలియనివారికి ఆ తప్పు ఎంతటిదో తెలియదు.

మస్తాన్ గారి షెడ్డు

నా తండ్రిగారు కూచిపూడి సమీపాన ఒక పల్లె పాఠశాలలో తెలుగు పండితులు. నన్నూ ఆ దారినే నడిపించారు. వ్యాకరణం, అలంకారశాస్త్రం, ప్రబంధాలు చదివి భాషాప్రవీణ పట్టా పుచ్చుకొన్నాను. ఉద్యోగం రాలేదు. రెండేళ్ళు ఎదురుచూసి, గుడివాడలో మస్తాన్ గారి మోటారు షెడ్డులో సామాను జాబితాలు వ్రాయడానికి చేరాను. ఆరు నెలలకు కలం ప్రక్కన పెట్టి పనిలోకి దిగాను. అందుకు ఏనాడూ విచారించలేదు.

నేను విరగ్గొట్టిన మొదటి బోల్టు ఒక పాత డీజిల్ కారు పొగగొట్టాన్ని ఇంజనుకు పట్టి ఉంచేది. ఎర్రగా తుప్పు పట్టి, ఇనుములో ఇనుమై కూర్చున్నది. నేను స్పానరుకు గొట్టం తొడిగి, రెండు చేతులా లాగాను. టప్పున తల తెగి ఒళ్ళో పడింది. మొండెం లోపలే ఉండిపోయింది.

మస్తాన్ గారు వచ్చి చూశారు. తిట్టలేదు.

“నీకు పద్యాలు ఎన్నొచ్చు పంతులూ?”

“చాలానే వచ్చండి.”

“అయితే ఇక్కడే కూచుని అన్నీ దానికి చదివి వినిపించు. మనసు కరిగి బయటికొస్తదేమో చూద్దాం.”

షెడ్డంతా నవ్వింది. ఆ మొండేన్ని బయటికి తీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులలో ఆయన చెప్పినదే నా వృత్తిలో సగం విద్య. పట్టేసిన బోల్టును మొదట ఊడదీసే వైపుకు త్రిప్పకూడదు. బిగించే వైపుకు వెంట్రుకవాసి కదపాలి. తుప్పు పొర అక్కడ చిట్లుతుంది. పిమ్మట వెనుకకు రెండు వెంట్రుకలు, ముందుకు ఒకటి. మధ్యమధ్య తల మీద సుత్తితో నిటారుగా చిన్న దెబ్బ. చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేసి, ఆ వేడి మీద కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి బోల్టు మరచుట్ల సందులలోనికి తనంతట తాను ప్రవేశిస్తుంది. తరువాత దానిని వదిలి వేరే పని చూసుకోవాలి. చల్లారిన తరువాత మళ్ళీ రావాలి. అప్పటికీ రాకపోతే మరునాడు రావాలి.

ఈ చివరి రెండు వాక్యాలను ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. మీ పుస్తకాలను శ్యామలగారు నాకు చూపించారు. బోల్టు బొమ్మ ఉన్నది, దాని భాగాల పేర్లు ఉన్నాయి, ఎంత బలంతో బిగించాలో పట్టిక ఉన్నది. విరిగిన బోల్టు గురించి ఒక్క పంక్తి లేదు. మా ప్రాంతంలో షెడ్డుకు వచ్చే ప్రతి పాత బండిలోనూ ఎదురయ్యే సంగతిని వదలివేసి ఎవరి కోసం ఆ పుస్తకాలు వ్రాశారో నాకు అర్థం కాదు. వ్రాసినవారు ఎన్నడైనా చేతికి నూనె అంటించుకొన్నారా అన్నది నా సందేహం.

దివిసీమ నీరు

నాగాయలంక, కోడూరు వైపు నుండి వచ్చే బండిని కళ్ళు మూసుకొని కూడా గుర్తించవచ్చు. బోనెట్టు ఎత్తగానే ఉప్పు వాసన కొడుతుంది. పెళ్ళిళ్ళ రోజులలో మనుషులను, తక్కిన రోజులలో చేపల పెట్టెలను మోసే బండ్లు అవి. ఐసు నీళ్ళు క్రింద కారుతూనే ఉంటాయి. పైగా అక్కడి బోరు నీరు ఉప్పన. రేడియేటరు ఎండిపోతే డ్రైవరు ప్రక్కనున్న బోరుకొట్టి పోస్తాడు.

ఇప్పటి ఇంజన్ల పైభాగం అల్యూమినియం, బోల్టులు ఉక్కువి. ఈ రెండింటి నడుమ ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లని పిండిగా మారి ఉబ్బుతుంది. బోల్టును సిమెంటులా బిగిస్తుంది. ఎర్ర తుప్పుకంటె ఈ తెల్ల పిండి పదిరెట్లు మొండిది.

నేను ఆ డ్రైవర్లను నిందించను. త్రాగడానికే మంచినీటి డబ్బా కొనుక్కొనే చోట రేడియేటరుకు శుద్ధజలం పోయమని ఎవరు చెప్పగలరు? నా ఆగ్రహం మా వృత్తివారి మీదనే. బోల్టు తీసినప్పుడు మరలను తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, రవ్వంత గ్రీజు పూసి తిరిగి బిగిస్తే మళ్ళీ పట్టేయదు. అర నిమిషం పని. ఈ తీరంలో పుట్టి పెరిగి, ఈ నీటినే త్రాగిన మెకానిక్కులు ఆ అర నిమిషం వెచ్చించరు. మళ్ళీ ఐదేళ్ళకు అది ఇంకొకడి చేతిలో విరుగుతుంది గనుక.

ఆ రోజు

ఏడుకొండలు నాగాయలంక మనిషి. సముద్రం మీదికి పోయే కుటుంబంలో పుట్టి, వల వదలి స్టీరింగు పట్టినవాడు. అద్దెకు తిప్పే కారు ఒకటి ఉండేది. అదే అతని జీవనం. ఇంజను పైన వేడినీరు బయటికి పోయే చోట ఒక మూత ఉంటుంది. ఆ మూత అంచున నీరు చెమరుస్తున్నదని బండి తెచ్చి మచిలీపట్నంలో నేను పనిచేసే రాఘవరావుగారి షెడ్డులో పెట్టాడు.

మూతకు మూడు బోల్టులు. పని నాగబాబుది. అప్పటికి అతడు మా వద్ద ఆరేళ్ళుగా ఉన్నాడు, పెళ్ళయి ఏడాది. రెండు బోల్టులు వచ్చాయి. మూడవదానిపై స్పానరు పెట్టి, కాస్త ఒత్తి చూసి, చేయి తీసేశాడు.

“పంతులుగారూ, ఇది ఇవాళ రాదండి. లోపల తెల్లగా కట్టేసింది. నూనె పోసి వదిలేద్దాం. రేపు మధ్యాహ్నానికి వేడి చేసి నిదానంగా తీస్తాను.”

రాఘవరావుగారు లోపలి గదిలో నుండి బయటికి వచ్చారు. “రేపు పొద్దున్నే ఆ బండి పెళ్ళివాళ్ళని ఎక్కించుకోవాల్రా. రేపు మధ్యాహ్నం తీస్తాడంట, పెళ్ళికూతురు అప్పగింతలయ్యాక.”

“బలం పెడితే తల తెగిపోద్దండి.”

“తెగితే బోల్టు తలేగా, నీది కాదుగా. నువ్వు గుడివాడ వెళ్ళి ఆ మూత ప్యాకింగు కొత్తది పట్టుకురా. ఇక్కడ మేం చూసుకుంటాం.”

నాగబాబు నా వంక చూశాడు. నేను వెళ్ళమన్నట్లు తల ఊపాను. అతడు బస్సెక్కిన తరువాత రాఘవరావుగారు స్వయంగా స్పానరుకు మూరెడు గొట్టం తొడిగి లాగారు. మస్తాన్ గారి షెడ్డు నాటి నుండి నాకు తెలిసిన ఆ టప్పు శబ్దం వినిపించింది.

ఇక్కడ ఒక సంగతి గ్రహించండి. తల తెగిన తరువాత మూత సులభంగా పైకి వచ్చింది. మొండెం అర అంగుళం బయటికే ఉన్నది. ఇంతకంటె అనుకూలమైన విరుపు ఉండదు. దానిమీద ఒక నట్టు కూర్చోబెట్టి, నట్టు నడిమి రంధ్రంలో వెల్డింగు పోసి, రెండింటినీ ఒకటి చేసి, ఆ వేడి తగ్గుతుండగా నిదానంగా త్రిప్పితే మొండెం వచ్చేస్తుంది. రెండు గంటల పని. వెల్డింగు చేసే మనిషి ఆ పూట వేరే ఊరు వెళ్ళాడు. మరునాటి వరకు రాడు.

“రెండు బోల్టులు చాల్లెండి పంతులుగారూ, నీళ్ళ మూతేగా. పైకి మాత్రం నిండుగా కనపడాలి” అన్నారు రాఘవరావుగారు.

రెండు రంగుల ముద్దలు కలిపి పిసికితే రాయిలా గట్టిపడే లప్పం ఒకటి ఉన్నది. నీళ్ళ ట్యాంకులకు వాడతారు. నేను దానిని పిసికాను. మూత క్రింద నీరు కారకుండా ఉంచే పాత ప్యాకింగుకే జిగురు పూసి మూత కూర్చోబెట్టి, రెండు బోల్టులు బిగించి, మూడవ చోట మొండెం మీద తెగిన తలను లప్పంతో అతికించాను. అంచులు బొటనవేలితో చదును చేశాను. పైన నూనె, మసి పులిమాను. చూసినవారెవరూ పట్టుకోలేరు. ఆ పని నేను చేశాను. రాఘవరావుగారు విరగ్గొట్టారు, అంటించినది నేను.

సాయంత్రం నాగబాబు ప్యాకింగుతో తిరిగివచ్చి, బండి సిద్ధంగా ఉండడం చూసి ఆశ్చర్యపడ్డాడు.

“అప్పుడే ఊడొచ్చేసిందాండీ?”

“వచ్చింది.”

“మీ చెయ్యి చెయ్యేనండి పంతులుగారూ” అన్నాడు.

పనిచీటీలో పని చేసినవాడి సంతకం ఉండాలి. పని అతని పేర వ్రాసి ఉన్నది. చీటీ అతని ముందు పెట్టి సంతకం చేయించినదీ నేనే.

ఎనిమిదవ రోజు

ఏడుకొండలు వచ్చాడు. బండి ట్రాక్టరు వెనుక కట్టి లాక్కొనివచ్చాడు. గుప్పిట తెరిచి మా ముందు చాపాడు.

“ఇదిగోనండీ మీ బోల్టు తల. ఏలు తగిలితే ఊడొచ్చేసింది. మిగతా బోల్టు ఎక్కడుందో మీరే ఎతికి పెట్టండి.”

చల్లపల్లి దాటిన తరువాత ఆ మూత ఒకవైపు తెరుచుకొన్నది. నీరంతా క్షణాలలో వెళ్ళిపోయింది. ఆవిరి చూసి ఏడుకొండలు బండిని ప్రక్కకు తీసేలోపే ఇంజను పట్టేసింది. పైభాగం వంగింది, పిస్టన్లు గీసుకుపోయాయి. ఆ ఇంజనును మళ్ళీ నిలబెట్టడం సాధ్యం కాదని చూడగానే నాకు అర్థమైనది.

“నాకున్నది ఈ బండొక్కటేనండి. ఎవరు చేశారో చెప్పండి, చాలు” అన్నాడు ఏడుకొండలు.

రాఘవరావుగారు పనిచీటీ తెప్పించారు. “సంతకం ఎవరిదిరా ఇది?”

“నాదేనండి. కానీ ఆ పూట నేను గుడివాడలో ఉన్నాను. మీరే పంపించారుగా.”

“ప్యాకింగు తెచ్చి బిగించింది నువ్వు కాదా?”

నాగబాబు ఏడుకొండలు చేతిలోని తలను తీసుకొని అటూ ఇటూ త్రిప్పి చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు.

“మీరు చెప్పండి పంతులుగారూ. నానబెడదామన్నానా లేదా? బలం పెట్టొద్దన్నానా లేదా?”

షెడ్డులో పదిమంది ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు.

“అంత గుర్తులేదు నాగబాబూ” అన్నాను.

వేల పద్యాలను ఒక్క అక్షరం తప్పిపోకుండా ధారణలో నిలుపుకొన్నవాడిని. సంధి ఎక్కడ విడదీయాలో, గణం ఎక్కడ తప్పిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాడిని. ఎనిమిది రోజుల క్రితం నా చెవులారా విన్న రెండు వాక్యాలు గుర్తులేవన్నాను. నేను నేర్చిన భాష అంతా ఆ పూట ఎందుకు పనికివచ్చిందో చూడండి. విరమణకు రెండేళ్ళున్నాయి, యజమానితో పేచీ ఎందుకనుకొన్నాను. అంతకుమించిన కారణం ఏదీ లేదు. ఉన్నదని ఈనాడు కల్పించి చెప్పను.

నాగబాబు తన సొంత స్పానర్లను ఒక బియ్యపు సంచిలో వేసుకొని వెళ్ళిపోయాడు. మచిలీపట్నంలో ఏ షెడ్డూ అతనిని చేర్చుకోలేదు. ఈ వార్త అతనికంటె ముందు చేరింది. కోడూరు వైపు రొయ్యల చెరువుల వద్ద నీటికి గాలి అందేలా చిలికే యంత్రాలూ జనరేటర్లూ బాగుచేసుకొంటూ పన్నెండేళ్ళు బ్రతికాడు. ఏడుకొండలు ఈనాటికీ వేరొకరి బండి నడుపుతున్నాడు. రాఘవరావుగారు కమిటీలో సభ్యులైనారు. నేను శాలువా కప్పించుకొని విరమించాను.

తొందర

ఇకమీదట నా కోపం మీ మీదికి మళ్ళుతుంది, ఓర్చుకోండి.

షెడ్డులలో ఇప్పుడు గాలితో త్రిప్పే తుపాకులు వచ్చాయి. టక టక టకమని క్షణంలో బోల్టు బయటికి వస్తుంది. మంచిదే. కాని ఆ యంత్రానికి చేతి స్పర్శ లేదు. పట్టేసిన బోల్టు విరగబోయే ముందు అరచేతికి ఒక సంకేతం ఇస్తుంది: అంతవరకు గట్టిగా ఉన్నది ఒక్కసారి మెత్తబడినట్లు, సాగినట్లు అనిపిస్తుంది. అప్పుడు ఆగినవాడికి బోల్టు దక్కుతుంది. తుపాకీ పట్టినవాడికి ఆ సంకేతం అందదు. నీళ్ళు, నూనె పోయే చోట పాత బోల్టులకు తుపాకీ పెట్టేవాడిని నా షెడ్డులో అయితే గేటు బయట నిలబెట్టేవాడిని.

మొండెంలో రంధ్రం వేసి, అందులో ఎడమ మరలున్న పరికరం దిగగొట్టి త్రిప్పడం మరొక పద్ధతి. దానిని ఈజీ ఔట్ అంటారు. ఎవరు పెట్టారో ఆ పేరు. అది గాజులా పెళుసు, ఉక్కుకంటె కఠినం. మొండెంలో అది విరిగితే ఏ డ్రిల్లూ దానిని తొలచలేదు. బోల్టు విరిగితే ఒక సమస్య. దానిలో ఇది విరిగితే ఇంజను పైభాగమే విప్పి పెద్ద యంత్రాలున్న చోటికి పంపాలి. రంధ్రం నట్టనడుమ పడలేదని తెలిసిన తరువాత కూడా మొండిగా దానిని దిగగొట్టిన మెకానిక్కులను నేను చూశాను. వారిలో ఒక్కడైనా ఆగి మరొకరిని పిలువలేదు. పిలిస్తే చిన్నతనమట.

చిన్నతనం అక్కడ లేదు. బోల్టు ఎవరి చేతిలోనైనా విరుగుతుంది. నా చేతిలో విరిగినవి లెక్కలేనన్ని. విరిగిన వెంటనే బండి యజమానిని పిలిచి చూపించండి. అతడు అరుస్తాడు, అరవనివ్వండి. ఆ మాట వినలేక దాచినప్పుడే మీరు వృత్తి నుండి బయటపడ్డారు. జీతం మాత్రం తీసుకొంటూ ఉంటారు.

కోడూరు

శ్యామలగారు వచ్చి వెళ్ళిన మూడవ రోజున అవనిగడ్డ మీదుగా బస్సులో కోడూరు వెళ్ళాను. చెరువు గట్టున రేకుల పంచ క్రింద ఎవరిదో కారు బోనెట్టు ఎత్తి ఉన్నది. నాగబాబు దానిపై వంగి పనిచేస్తున్నాడు. జుట్టు నెరిసింది.

“రండి పంతులుగారూ. ఈ ఎండలో బస్సులో వచ్చారా.” ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. పని ఆపలేదు.

పొగగొట్టం బోల్టు ఒకటి పట్టేసి ఉన్నది. వేడి చేసి, కొవ్వొత్తి ఆనించాడు. మైనం పొగ లేచింది. స్పానరు పెట్టి, ముందు బిగించే వైపుకే కదిపాడు. మస్తాన్ గారిని అతడు ఎన్నడూ చూడలేదు. నా చేతిలో చూసి నేర్చినది.

“శ్యామలగారు మా ఇంటికి వచ్చారు” అన్నాను.

“తెలుసండి.”

“ఆనాడు నేను నిజం చెప్పలేదు.”

“అదీ తెలుసండి. నేనూ అక్కడే ఉన్నానుగా.”

“విరగ్గొట్టినది రాఘవరావుగారు. కాని ఆ తల అంటించినది...”

“మీరేనండి.” స్పానరు ప్రక్కన పెట్టాడు. “ఏడుకొండలు చేతిలోంచి ఆ తల తీసుకున్నప్పుడే తెలిసింది. లప్పం మీద బొటనవేలి ముద్రుంది. రాఘవరావుగారు గుడ్డ చుట్టుకోకుండా లప్పం ముట్టుకోరు. వేలితో చదును చేసేది షెడ్డులో మీరొక్కరే.”

“మరి అందరి ముందూ ఎందుకు అనలేదయ్యా?”

“మీరు చెబుతారనుకున్నానండి. అందుకే మిమ్మల్ని అడిగింది.”

చెరువులో యంత్రాలు నీటిని చిలుకుతున్నాయి. అతడు మళ్ళీ బోల్టు మీదికి వంగాడు. అది కిర్రుమని పావు చుట్టు తిరిగింది. వెనుకకు కొద్దిగా, ముందుకు కొద్దిగా. చాలాసేపటికి నిండుగా, ఒక్క మర కూడా చెడకుండా బయటికి వచ్చింది. దానిని గుడ్డతో తుడిచి, ప్రక్కన పెట్టాడు.

“క్షమించమని అడగడానికి వచ్చాను నాగబాబూ.”

“అది తర్వాత చూద్దాంలెండి. ముందు ఆ కమిటీవాళ్ళకి రాయాల్సింది రాయండి. మా మావగారు ఇప్పటికీ ఆయన మోపెడ్ నన్ను ముట్టుకోనివ్వడు. పంక్చరు కూడా పక్కూళ్ళో వేయించుకుంటాడు.”

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళమన్నాడు. ఆ ఇంట తినడానికి నాకు ముఖం చెల్లలేదు. బస్సుకు వచ్చేశాను.

సాక్ష్యం

కావున విద్యాలయం కమిటీవారికి, దీనిని చదివే విద్యార్థులకు తెలియజేయునది.

ఏడుకొండలు కారులోని ఆ బోల్టును బలం పెట్టి తీయవద్దనీ, మరునాటి వరకు నానబెట్టాలనీ నాగబాబు చెప్పాడు, నేను విన్నాను. అతనిని గుడివాడ పంపి, బోల్టును రాఘవరావుగారు విరగ్గొట్టారు, నేను చూశాను. తెగిన తలను లప్పంతో అంటించి, ఏమీ తెలియని నాగబాబు చేత పనిచీటీపై సంతకం చేయించి, ఎనిమిదవ రోజున పదిమంది ముందు గుర్తులేదని అబద్ధమాడినది నేను. బోధకుని పదవికి అనర్హులెవరైనా ఉంటే మేమిద్దరం, నాగబాబు కాడు. ఈ వ్యాసాన్ని విద్యార్థులకు ఇచ్చేటట్లయితే పేర్లతో సహా ఇవ్వాలి. పేర్లు తీసివేసేటట్లయితే ఇవ్వనక్కరలేదు.

తరువాత

కార్తీక బహుళ విదియ నాడు దీని ప్రతులు మూడు తీయించి, ఒకటి శ్యామలగారికి, ఒకటి రాఘవరావుగారికి, ఒకటి నాగాయలంకలో ఏడుకొండలుకు పంపాను. రాఘవరావుగారు ఫోను చేసి, వయసు మీదపడి నాకు మతి చలించిందన్నారు. ఏడుకొండలు ఏమీ అనలేదు.

కార్తీక బహుళ ఏకాదశి నాడు కమిటీ సమావేశమైనది. రాఘవరావుగారు హాజరు కాలేదు.

మార్గశిర శుద్ధ పంచమి నాడు నాగబాబు గుడివాడలో ఉద్యోగంలో చేరాడు. ఈ సంగతి నాకు శ్యామలగారు చెప్పారు. అతడు చెప్పలేదు.